గడ్డకట్టడానికి ఇంగ్లీషు మాట

సత్తెనపల్లి దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఒక రెసిడెన్షియల్ స్కూల్లో మూడేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌ని కూడా నేనే. స్కూలుకి మూడు వైపులా మిరప చేలు, నాలుగో వైపు రోడ్డు. గేటు దాటాలంటే పిల్లలకైనా, మాకైనా ఔట్‌పాస్ ఉండాలి. దాని మీద కరస్పాండెంట్ గారి సంతకం ఉండాలి.

చేరిన రోజే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారు. టెన్త్, ఇంటర్, డిగ్రీ, బీఎడ్ అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి ఇచ్చాను. క్లర్కు వాటిని కరస్పాండెంట్ గారి వెనకాల ఉన్న ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. మధ్యలో ఎవరూ మానేసి పోకుండా అలా చేస్తారని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఉద్యోగం కాగితాల మీద సంతకం పెడుతున్నప్పుడు అదొక పెద్ద విషయంగా అనిపించలేదు. అప్పట్లో నాకు కావలసింది తిండి, బస, నెల జీతం. ఆ మూడూ అక్కడ దొరికాయి.

మా అమ్మ కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డున మా ఊళ్ళో ఒక్కతే ఉండేది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. నేను స్కూల్లో చేరడానికి ముందు ఏడాది అమ్మకి గుండెలో వాల్వు మార్చారు. ఆ ఆపరేషన్‌తో నా పెళ్ళి ప్రయత్నాలు ఆగాయి, మళ్ళీ ఎవరూ మొదలుపెట్టలేదు. వాల్వు దగ్గర రక్తం గడ్డకట్టకుండా అమ్మ రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర పనిచేస్తుందో లేదో తెలియడానికి నెలకోసారి ఒంగోలు వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒక అంకె వస్తుంది. అది మరీ తగ్గకూడదు, మరీ పెరగకూడదు.

ఆ అంకె సంగతి అమ్మకి తెలియజెప్పడానికి నేను చాలా తంటాలు పడ్డాను. చివరికి అమ్మే తేల్చుకుంది.

"అంటే నా రక్తం చారులాగా ఉండాలి, పులుసులాగా చిక్కబడకూడదు. అంతేగా?"

"అంతే."

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా. ఇంత చదివి చారంటే చారని చెప్పలేకపోయావు."

ఆకుకూరలు కూడా ఇష్టం వచ్చినట్టు తినకూడదన్నారు. తింటే రోజూ ఒకే కొలతలో తినాలి, లేదా మానేయాలి. గోంగూర లేకుండా ముద్ద దిగని మనిషి అమ్మ. పరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ ఫోన్ చేసి, ముందు అంకె చెప్పి, తర్వాత "నిన్న కొంచెమే తిన్నానులే" అనేది. నేను కోప్పడేదాన్ని. నూరు కిలోమీటర్ల అవతల కూర్చుని కోప్పడటం తప్ప చేయగలిగిందేమీ లేదు.

మూడో ఏడు సంక్రాంతి సెలవులయ్యాక టెన్త్ పిల్లలకి ప్రీఫైనల్ పరీక్షలు పెట్టాం. ఇంగ్లీషు పేపర్ తయారుచేసింది నేను. అందులో కొన్ని మాటలిచ్చి సొంత వాక్యాల్లో వాడమన్నాను. వాటిల్లో ఒకటి కోయాగ్యులేట్. జీవశాస్త్రంలో రక్తం గురించి చదివారు కదా, తెలిసే ఉంటుందనుకున్నాను.

పేపర్లు దిద్దడానికి కూర్చున్నాను. మొదటి పేపర్లో "వాటర్ కోయాగ్యులేట్స్ ఎట్ జీరో డిగ్రీస్" అని ఉంది. తప్పు కొట్టాను. రెండో పేపర్లోనూ అదే. ఐదో పేపర్ దగ్గరికి వచ్చేసరికి ఇది పిల్లల తప్పు కాదని అర్థమైంది. మా స్కూలు సొంతంగా అచ్చేసి పిల్లలకిచ్చే మెటీరియల్ తీసి చూశాను. వెనక పేజీల్లో కష్టమైన మాటల పట్టిక ఉంది. కోయాగ్యులేట్ ఎదురుగా "గడ్డకట్టుట" అని, దాని కింద ఉదాహరణగా ఆ నీళ్ళ వాక్యమూ ఉన్నాయి.

ఎక్కడ పొరపాటు జరిగిందో చూడగానే తెలిసింది. మనకి నీళ్ళూ గడ్డకడతాయి, రక్తమూ గడ్డకడుతుంది. ఎవరో డిక్షనరీలో గడ్డకట్టుట అన్న అర్థం చూసి, గడ్డకట్టేది ఏదబ్బా అని ఆలోచించి, ఐసు గుర్తొచ్చి రాసేశారు. ఇంగ్లీషులో ఆ మాట నీళ్ళకి వాడరు. పాలకి వాడతారు, రక్తానికి వాడతారు, వేడి తగిలిన గుడ్డులో తెల్లసొనకి వాడతారు. పల్చటి దాంట్లో ఉన్న పదార్థమే ఒకదానికొకటి పట్టుకుని ముద్దయితే ఆ మాట. మనమైతే అక్కడ ఒక్క మాటతో ఊరుకోం. పాలు తోడుకుంటాయి, విరుగుతాయి కూడా. రక్తం గడ్డకడుతుంది. నెయ్యి పేరుకుంటుంది, అయితే నెయ్యికి మళ్ళీ ఇంగ్లీషులో వేరే మాట. ఇదంతా క్లాసులో ఒక పావుగంటలో చెప్పదగిన విషయమే.

నలభై ఆరు పేపర్లలో ముప్పై తొమ్మిదింట్లో నీళ్ళ వాక్యమే ఉంది. కొందరు ఆ ప్రశ్న వదిలేశారు. ఒక్క అమ్మాయి మాత్రం వేరేగా రాసింది. వాళ్ళ తాతకి కొడవలి తగిలి పాదం తెగిందనీ, పసుపు అద్దాక రక్తం కోయాగ్యులేట్ అయిందనీ రాసింది. వ్యాకరణం తప్పులున్నా ఆ మాట సరిగ్గా కూర్చుంది. ఆ పిల్లకి మార్కు వేశాను. మిగిలిన ముప్పై తొమ్మిది మందికీ కొట్టేశాను. వెంటనే క్లాసులో కారణం కూడా చెప్పాను.

రెండు రోజుల తర్వాత కరస్పాండెంట్ గారు కబురు పెట్టారు.

ఆయనకి అరవై దాటి ఉంటాయి. రేకుల షెడ్డులో ట్యూషన్‌తో మొదలుపెట్టి ఇంతవరకు తెచ్చిన మనిషి. ఎవరినీ ఏకవచనంతో పిలవడం నేను వినలేదు. ఆయన అరిచే మనిషైతే నాకు సుఖంగా ఉండేదని చాలాసార్లు అనుకున్నాను.

"కూర్చోండమ్మా. పేరెంట్స్ పొద్దున్నుంచీ ఫోన్లు. బుక్కులో ఉన్నదే రాస్తే మార్కు కొట్టేశారంటున్నారు."

"బుక్కులో తప్పుందండీ."

"కోయాగ్యులేట్ అంటే గడ్డకట్టడమే కదా?"

"అవునండీ."

"నీళ్ళు గడ్డకట్టవా?"

"తెలుగులో కడతాయండీ. ఇంగ్లీషులో ఫ్రీజ్ అవుతాయి."

ఆయన నవ్వారు. "బాగా చెప్పారు. కానీ పబ్లిక్ పరీక్షలు నెలన్నరలో ఉన్నాయి. ఇప్పుడు పిల్లల చేతిలో ఉన్న బుక్కు తప్పని మీరు చెప్తే వాళ్ళు ఆ బుక్కులో ఇంకే పేజీ నమ్ముతారు? రెండూ కరెక్టేనని చెప్పి అందరికీ మార్కు వేసేయండి. సరిపోతుంది."

"పబ్లిక్‌లో బయటివాళ్ళు దిద్దుతారండీ."

"చూద్దాంలెండి. మీరు మాత్రం రేపు క్లాసులో చెప్పేయండమ్మా."

ఆయన బీరువా వైపు చూడలేదు. నేనే చూశాను. ఒంగోల్లో ఒక స్కూల్లో వచ్చే జూన్‌కి ఇంగ్లీషు టీచర్ కావాలని ఆ మధ్యే తెలిసింది. అమ్మ దగ్గర ఉండి వెళ్ళిరావచ్చు. అక్కడ ఇంటర్వ్యూకి ఒరిజినల్స్ చూపించాలి. ఈయన మనసు నొప్పించి వాటిని తెచ్చుకోలేను. కూర్చున్న కుర్చీలోంచి లేచేలోపు ఇంత లెక్క నా మనసులో జరిగిపోయింది.

"సరేనండీ" అన్నాను.

ఆ సాయంత్రం ముప్పై తొమ్మిది పేపర్లూ మళ్ళీ తీసి, కొట్టేసిన చోట టిక్కు పెట్టి, మొత్తాలు మార్చాను. మర్నాడు క్లాసులో రెండు వాక్యాలూ కరెక్టేనన్నాను. తాత కాలి గురించి రాసిన అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, మొన్న నీళ్ళకి వాడకూడదన్నారుగా?"

"వాడొచ్చు. అదీ కరెక్టే."

"మరి మొన్న ఎందుకు కొట్టేశారు మేడం?"

"కూర్చో" అన్నాను.

ఆ పిల్ల కూర్చుంది. మొన్న నేను చెప్పింది నోట్సులో రాసుకున్నట్టుంది, రబ్బరు తీసుకుని దాన్ని చెరిపేయడం మొదలుపెట్టింది. పేజీ చిరగకుండా మెల్లగా, నీటుగా చెరిపింది. నేను బోర్డు వైపు తిరిగి తర్వాతి పాఠం పేరు రాశాను. నా మూడేళ్ళ ఉద్యోగంలో నేను తెలిసి చెప్పిన అబద్ధం అదొక్కటే. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. కూర్చోబెట్టి మర్యాదగా అడిగారంతే.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే, గడవలేదనే చెప్పాలి. పొద్దున్నే ఐదుకి బెల్లు, స్టడీ అవర్, క్లాసులు, మళ్ళీ స్టడీ అవర్, పిల్లల జ్వరాలు, తగాదాలు. ఫిబ్రవరి వచ్చేసరికి చుట్టూ మిరపకాయలు కోతకొచ్చాయి. ప్రహరీ అవతల కళ్ళంలో కాయ ఆరబోశారు. గాలి ఇటు తిరిగితే క్లాసు మొత్తం తుమ్మేది. కిటికీలు మూస్తే ఉక్క. తెరిస్తే ఘాటు. నాకు ఊపిరి సరిగా అందేది కాదు. అది మిరపకాయల వల్లేననుకునేదాన్ని.

ఫిబ్రవరి మూడో వారంలో ఒక మధ్యాహ్నం అది జరిగింది. క్లాసులు జరిగేటప్పుడు టీచర్ల ఫోన్లు ఆఫీసులో ఒక ప్లాస్టిక్ బుట్టలో పెట్టాలి. భోజనాల వేళ ఇచ్చేవాళ్ళు. ఆ రోజు నా ఫోన్ తీసి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. అన్నీ మా పక్కింటి పిన్నివే. మొదటిది ఉదయం ఎనిమిదింటికి వచ్చింది.

"ఎక్కడ చచ్చావే? ఎన్నిసార్లు చేశాను" అంది పిన్ని. "పొద్దున్నే మీ అమ్మకి ముక్కులోంచి రక్తం మొదలైంది. తల వెనక్కి పెట్టి నీళ్ళు కొట్టాం. ఆగలా. బట్ట పెట్టాం, తడిసిపోయింది. ఆటో మాట్లాడి ఒంగోలు తీసుకొచ్చాను. ఇంకా కారతానే ఉంది. గడ్డ కట్టడం లేదంటన్నారు."

"స్పృహలో ఉందా?"

"ఉంది. నీకు చెప్పొద్దంటంది. నువ్వు బయల్దేరు ముందు."

కరస్పాండెంట్ గారు భోజనం చేసి అప్పుడే వచ్చి కూర్చున్నారు. విషయం చెప్పాను. ఆయన మొహంలో నిజమైన బాధే కనపడింది.

"అయ్యో. ఏ ఆసుపత్రి? నాకు తెలిసిన డాక్టరుగారు ఒకరున్నారు, ఫోన్ చేయిస్తాను."

"నేను వెళ్ళాలండీ."

"వెళ్ళాలి, వెళ్ళాలి. కానీ అరవై రెండు మంది ఆడపిల్లలమ్మా. లేడీ వార్డెన్ లేకుండా ఒక్క పూట కూడా ఉంచకూడదు. రేపు పొద్దునకి ఎవరినైనా పిలిపిస్తాను. వాళ్ళు రాగానే నా కారులోనే పంపిస్తాను మిమ్మల్ని."

"రేపటిదాకా ఆగలేనండీ."

"అక్కడ డాక్టర్లున్నారు కదమ్మా. మీరెళ్ళి చేసేదేముంది చెప్పండి?"

నిజమే, నేనెళ్ళి చేసేదేమీ లేదు. నేనొక ఇంగ్లీషు టీచర్ని. ఔట్‌పాస్ పుస్తకం ఆయన బల్ల మీదే ఉంది. పెన్ను ఆయన జేబులో ఉంది. ఆయన ఆ పెన్ను తీయలేదు.

వరండాలోకి వచ్చి నిలబడ్డాను. హాస్టల్లో వంట చేసే ఆవిడ అన్నం గిన్నెలు కడగడానికి వెళ్తూ నన్ను చూసి ఆగింది. యాభై ఏళ్ళ మనిషి, నాతో ఎప్పుడూ ఉప్పూ పప్పూ తప్ప వేరే మాట మాట్లాడింది లేదు.

"ఏమైంది మేడం?"

చెప్పాను.

ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. "పిల్లల దగ్గర నే పడుకుంటాలెండి. నాకూ ఇద్దరు కూతుళ్ళున్నారు, నాకు తెలియదా? మీరు ఎల్లండి."

"పాస్ ఇవ్వలేదు."

"కూరగాయల ఆటో వచ్చే తలుపుకి పాసెందుకు? రండి."

నాకు ఆ క్షణంలో కలిగింది ధైర్యం కాదు. ఇంకొక మనిషి నా ముందు నడిచింది కాబట్టి వెనక నడిచాను. అంతే. వంటగది వెనక ఇనప తలుపు గడియ తీసి ఆవిడ నన్ను బయటికి పంపింది. చేతిలో పర్సు, ఫోన్ తప్ప ఏమీ లేవు. మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది.

అక్కడినుంచి రోడ్డెక్కాలంటే కళ్ళంలోంచే దారి. ఎర్రగా పరిచిన కాయల మధ్య సన్నటి బాట వదిలారు. మొహాలకి గుడ్డలు కట్టుకుని ఆడవాళ్ళు తాలు కాయలు ఏరుతున్నారు. నేను పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుని దాదాపు పరిగెత్తాను. ఘాటుకి కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఒకామె తలెత్తి, "మొహం కడుక్కుని పోమ్మా, మంట తగ్గుద్ది" అంది. ఆగకుండా తలూపి వెళ్ళిపోయాను.

నరసరావుపేట దాకా ఒక బస్సు, అక్కడినుంచి చిలకలూరిపేట దాకా ఇంకోటి, ఆ తర్వాత ఒంగోలు బస్సు. హైవే ఎక్కాక కూర్చోవడానికి సీటు దొరికింది. పిన్ని ఫోన్ ఎత్తడం లేదు. కరస్పాండెంట్ గారు మూడుసార్లు చేశారు, నేను ఎత్తలేదు. ఒక విషయం దాచకుండా రాయాలి. మార్టూరు దాటుతుండగా నేను ఆలోచించింది అమ్మ గురించి కాదు. ఇలా చెప్పకుండా వచ్చేశాను కాబట్టి ఇక నా సర్టిఫికెట్లు ఇవ్వరేమోనని ఆలోచించాను. కన్నతల్లి ఆసుపత్రిలో ఉంటే బీరువా గుర్తొచ్చిన దాన్ని నేను. ఇప్పటికీ అది తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఒంగోలు చేరేసరికి ఇంకా వెలుతురుంది. అమ్మ వార్డులో తలకింద రెండు దిళ్ళు పెట్టుకుని ఒరిగి ఉంది. ముక్కు నిండా గాజుగుడ్డ కుక్కారు. నోటితో ఊపిరి తీస్తోంది. చీర ముందు భాగమంతా ఎండిన రక్తంతో అట్టకట్టి ఉంది. నన్ను చూసి ముందు పిన్ని వైపు కోపంగా చూసింది.

డ్యూటీ డాక్టర్ నాకంటే చిన్న అమ్మాయి. నన్ను పక్కకి పిలిచింది.

"అమ్మగారు ఈ మధ్య వేరే మాత్రలేమైనా వాడారా?"

నాకు తెలియదు. పిన్నికి తెలుసు. అమ్మ సంచీలోంచి సగం వాడిన మాత్రల అట్ట తీసి ఇచ్చింది. మోకాళ్ళ నొప్పులకి అమ్మే మందుల షాపుకి వెళ్ళి కొనుక్కుందట. పది రోజులుగా పూటకొకటి మింగుతోంది. వాల్వు మాత్ర వాడుతున్నానని అక్కడ చెప్పలేదు. చెప్తే ఇవ్వరేమోనని చెప్పలేదట.

డాక్టర్ అమ్మాయి తల పట్టుకుంది. "ఇది దానికి తోడైందండీ. అందుకే బ్లడ్ కోయాగ్యులేట్ అవ్వడం లేదు."

ఆ మాట వినగానే నేను ఉలిక్కిపడ్డాను. ఆ అమ్మాయి నాకు అర్థం కాలేదనుకుంది.

"అంటే గడ్డకట్టడం లేదండీ. ముక్కులోంచి కారడం ఆగాలంటే కట్టాలి. అలాగని గట్టిగా మందిచ్చి కట్టించేశామనుకోండి, వాల్వు దగ్గర కూడా కడుతుంది. అది ఇంకా ప్రమాదం. కొంచెం కొంచెంగా చూసుకుంటూ వెళ్ళాలి. ఇక్కడ సంతకం పెట్టండి."

పెట్టాను. కట్టకపోయినా ప్రమాదమే, కట్టినా ప్రమాదమే. మూడేళ్ళుగా అమ్మ ఆ రెంటి మధ్యా సన్నటి గట్టు మీద నడుస్తోంది. నేను నెలకోసారి ఫోన్లో ఒక అంకె విని సరేనని పెట్టేశాను.

దగ్గరికెళ్ళి కూర్చుంటే అమ్మ ముక్కు మూసుకుపోయిన గొంతుతో అంది, "చారు కూడా కాదంటనే. వట్టి నీళ్ళయిపోయిందంట."

నేను నవ్వబోయి ఏడ్చాను. పిన్ని మా ఇద్దర్నీ తిట్టింది.

ప్లాస్మా ఎక్కించారు. మర్నాడు మధ్యాహ్నానికి కారడం ఆగింది. ఆ తర్వాత ఇంకో రెండు రోజులు పొద్దునా సాయంత్రం రక్తం తీసి చూశారు. నేను ఆ కాగితాల మీద అంకెలు చూస్తూ కూర్చున్నాను. కరస్పాండెంట్ గారు రెండో రోజు మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి ఎత్తాను. అమ్మగారికెలా ఉందని అడిగారు. డబ్బేమైనా కావాలా అని కూడా అడిగారు. చివర్లో, "ఎప్పుడొస్తున్నారమ్మా?" అన్నారు.

ఐదో రోజు అమ్మని పిన్నికి అప్పగించి వెనక్కి బయల్దేరాను. వెళ్ళకుండా ఉండిపోవచ్చు కదా అని తర్వాత చాలామంది అడిగారు. పది, ఇంటర్, డిగ్రీ, బీఎడ్ అన్నీ ఆ బీరువాలో ఉన్నాయి. అవి లేకుండా నేను చదివానని చెప్పుకోవడానికి నా దగ్గర నోటిమాట తప్ప ఏమీ లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపి, లోపలికి ఫోన్ చేసి అడిగాకే తలుపు తీశాడు. కరస్పాండెంట్ గారు ఒక తెల్ల కాగితం ముందు పెట్టారు.

"పర్మిషన్ లేకుండా వెళ్ళినందుకు ఒక లెటర్ రాయండమ్మా. ఫైల్లో ఉండాలి."

ఇంగ్లీషులో రాశాను. మా అమ్మ రక్తం కోయాగ్యులేట్ కానందువల్ల ఆసుపత్రిలో చేర్చారనీ, అందువల్ల వెళ్ళాననీ, క్షమించమనీ రాశాను. కావాలని ఆ మాట వాడలేదు. వేరే మాట తట్టలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మధ్యలో ఆగారు. మళ్ళీ మొదటినుంచి చదివారు.

"ఆ పట్టిక నేనే రాశానమ్మా" అన్నారు. "ట్యూషన్ చెప్పే రోజుల్లో. అప్పుడు నా దగ్గర ఒక చిన్న డిక్షనరీ ఉండేది. ఇన్నేళ్ళలో ఎవరూ తప్పని చెప్పలేదు."

"నేను చెప్పానండీ."

"మీరు చెప్పారు. అప్పటికే ఈ ఏడాది ప్రింటయిపోయింది."

ఆ క్షణంలో నాకు ఆయన మీద జాలేసింది. జాలేసినా కోపం పోలేదు. లేచి నేరుగా క్లాసుకి వెళ్ళాను. పబ్లిక్ పరీక్షలకి ఇంకా మూడు వారాలుంది. పాఠం తెరవమనలేదు. పుస్తకాలు మూయమన్నాను.

"నీళ్ళకి కోయాగ్యులేట్ వాడకూడదు. ఫ్రీజ్ అనాలి. మొదటిసారి నేను చెప్పిందే సరైంది. రెండోసారి చెప్పింది అబద్ధం. భయపడి చెప్పాను. ఎవరూ అది రాయొద్దు" అన్నాను.

టీచర్ భయపడిందంటే ఏమనుకోవాలో పిల్లలకి తెలియలేదు. తాత కాలి గురించి రాసిన అమ్మాయి నా కళ్ళలోకి చూడలేదు. పెన్సిల్ కాదు, ఈసారి పెన్ను తీసి రాసుకుంది.

కబురు సాయంత్రానికే ఆయనకి చేరింది. పిలిచి, "సరేనమ్మా. ఈ ఏడాది పూర్తి చేసి వెళ్ళిపోండి" అన్నారు. అరవలేదు. పబ్లిక్ పరీక్షలో ఆ మాట రాలేదు. వస్తే ఎవరు ఏం రాసేవారో తెలియదు.

సర్టిఫికెట్లు పరీక్షలవగానే ఇవ్వలేదు. ఫలితాలొచ్చాక రమ్మన్నారు. వచ్చాక వెళితే ఆయన ఊళ్ళో లేరన్నారు. మే ఎండలో మూడుసార్లు తిరిగాను. చివరిసారి వెళ్ళినప్పుడు మిరప కళ్ళం ఖాళీగా ఉంది. నేల మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది. క్లర్కు ఫోల్డర్ ఇచ్చి ఒక్కొక్కటీ చూసుకోమన్నాడు. అన్నీ ఉన్నాయి. నాఫ్తలీను వాసన వేస్తున్నాయి. వంటావిడ కనపడుతుందేమోనని వెనక వైపు వెళ్ళాను. సెలవులకి ఊరెళ్ళిందన్నారు. ఆవిడని పని మాన్పించలేదని మాత్రం తెలిసింది. అదొక్కటే ఆ రోజు నాకు దక్కిన ఊరట.

ఒంగోల్లో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు అమ్మ దగ్గరే ఉంటున్నాను. పొద్దున్నే ఆటోలో స్కూలుకి వెళ్ళి సాయంత్రానికి ఇంటికొస్తాను. వచ్చిన మొదటి వారంలోనే కత్తిపీట తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. కూరగాయలు నేనే తరిగి వెళ్తాను. మోకాళ్ళ నొప్పంటే నేను తెచ్చిందే పూయాలి. ఒక్కతే బయటికి వెళ్ళొద్దన్నాను. నా స్కూలు టైములో గంటకోసారి ఫోన్ చేయమని పిన్నికి చెప్పాను.

రెండు నెలలు అమ్మ ఏమీ అనలేదు. మొన్న ఆదివారం పడవలు వచ్చే వేళకి సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. చేపలు నేను తెస్తానన్నాను.

"నీకు చేప చూడటం రాదు. మొప్పలు ఎత్తి చూడాలి."

"జారి పడితే? గీరుకుపోతే? ఆగుతుందా నీకు రక్తం?"

"ఏమే, గుండె కోసిన డాక్టరు కూడా ఇంట్లోంచి కదలొద్దనలేదు. ఆకుకూర మానమన్నాడు. అంతే. నువ్వు నన్ను హాస్టల్లో పెట్టావు. ఆ కత్తిపీట తాళం ఇటియ్యి."

చెప్పవలసినవి చాలా ఉన్నాయి, ప్రతిదీ నిజమే. పడితే ప్రమాదమే. కానీ నేనెళ్ళి చేసేదేముందని నన్ను అడిగిన గొంతు ఎంత మెత్తగా ఉందో నాకు గుర్తుంది. నాదీ అంత మెత్తగానే ఉంది.

తాళంచెవి తెచ్చి ఇచ్చాను. అమ్మ దాన్ని చీర కొంగున ముడేసుకుని మెట్లు దిగింది. మోకాలు నొప్పిగా ఉన్నట్టుంది, గోడ పట్టుకుని దిగింది. సందు చివర మలుపు తిరిగేదాకా చూశాను. తర్వాత లోపలికొచ్చి కూర్చోలేక మళ్ళీ గుమ్మంలోకి వచ్చాను. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. పులుసుకి చింతపండు నానబెట్టాను. గంటంపావు తర్వాత వచ్చింది, సంచీలో రెండు కట్టలు కానాగంత చేపలు, కాళ్ళకి ఇసక.